సెప్టెంబరు 28, హైదరాబాదు

హైదరాబాదు చరిత్రలో పేరుపడ్డ తేదీలు కొన్ని ఉన్నాయి. 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్‌ల వెంట నడిచిన జనం కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి చేశారు. 1948 సెప్టెంబరు 17న నిజాం ప్రభుత్వం లొంగిపోయింది. 1956 నవంబరు 1న ఈ నగరం ఆంధ్రప్రదేశ్‌కు, 2014 జూన్ 2న తెలంగాణకు రాజధాని అయింది. వీటిలో కొన్నింటికి ఉత్సవాలు జరుగుతాయి, కొన్నింటిని ఏ పేరుతో పిలవాలన్న విషయం మీదే ఏటా వాదోపవాదాలు నడుస్తాయి. అయితే నగరం ఇవాళ మనకు కనిపిస్తున్న ఆకారానికి రావడంలో వీటన్నింటికంటే ఎక్కువ పాత్ర ఉన్న తేదీ ఒకటుందని, దానిని మనం దాదాపుగా మరిచిపోయామని చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను. అది సెప్టెంబరు 28. 1908లో ఆ రోజున మూసీ నది ఊళ్లోకి వచ్చింది. ఈ నగరంలోనే చదువుకున్న నేను బడిలో ఉన్నంత కాలం ఈ తేదీ గురించి ఒక్క మాట కూడా వినలేదు.

ఆ రోజు సోమవారం. కీలక నామ సంవత్సరం, ఆశ్వయుజ మాసం, దసరా నవరాత్రులు మొదలై రెండు మూడు రోజులే అయింది. మరోవైపు రంజాను నెల కూడా అప్పుడే ప్రవేశించింది. ఒక ఇంట్లో దేవీ పూజకు, పక్క ఇంట్లో ఉపవాస దీక్షకు సిద్ధమవుతున్న ఊరి మీద బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండం తాలూకు వాన ఎడతెరిపి లేకుండా పడింది. శంషాబాదులో 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో దాదాపు 19 అంగుళాల వర్షం నమోదైంది. ఇప్పటి లెక్కలో అది 48 సెంటీమీటర్లు. హైదరాబాదు ప్రాంతంలో ఏడాది పొడుగునా పడే సగటు వర్షం 80 సెంటీమీటర్ల చుట్టూ ఉంటుందని గుర్తుంచుకుంటే, సంవత్సరానికి రావలసిన వానలో సగం కంటే ఎక్కువ రెండు రోజుల్లోనే కురిసిందని అర్థమవుతుంది.

మూసీ పెద్ద నదేమీ కాదు. వికారాబాదు దగ్గరి అనంతగిరి కొండల్లో పుట్టి, తూర్పుగా ప్రవహించి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. నగరానికి ఎగువన ఈసీ అనే మరో పాయ దక్షిణం వైపు నుంచి వచ్చి లంగర్‌హౌజ్ దగ్గర దీనితో కలుస్తుంది. ఎండాకాలంలో ఈ రెండూ పిల్ల కాలువల్లా కనిపించేవి. హైదరాబాదు వరకు వీటి పరీవాహక ప్రాంతం 862 చదరపు మైళ్లు. ఆ విస్తీర్ణంలో అప్పట్లో 788 చెరువులు ఉండేవి. అంటే దాదాపు చదరపు మైలుకో చెరువు. 1908 వరదను అర్థం చేసుకోవాలంటే నది కంటే ముందుగా ఈ చెరువులను చూడాలి.

తెలంగాణలో గొలుసుకట్టు చెరువుల పద్ధతి మనకు తెలియనిది కాదు. పై ఊరి చెరువు నిండితే మిగులు నీరు మత్తడి (అలుగు) దుంకి, వాగులో పడి, కింది ఊరి చెరువుకు చేరుతుంది. అదీ నిండితే ఆ కిందిదానికి. ఇలా వాన నీరు మెట్లు దిగినట్టు దిగుతూ, ప్రతి ఊళ్లో కొంత ఆగుతూ, పొలాలకు పారుతూ, భూమిలోకి ఇంకుతూ చివరికి నదిని చేరుతుంది. మామూలు వానలకు ఇంతకు మించిన ఏర్పాటు ఉండదు. కానీ చెరువు కట్ట మట్టిది. లోపలి వైపు రాళ్లు పేర్చినా ఆ కట్టకు ప్రాణం మత్తడిలో ఉంటుంది. వచ్చే నీరు మత్తడి పట్టగలిగినంత ఉన్నప్పుడు కట్ట నిలుస్తుంది. అంతకు మించి వస్తే నీరు కట్ట మీదుగానే పొర్లుతుంది, బయటి వైపు మట్టి కోసుకుపోతుంది, చిన్న గండి కాసేపటికి పెద్ద గండి అవుతుంది. అప్పుడు ఆ చెరువులోని నీరంతా ఒక్కసారిగా కింది చెరువు మీద పడుతుంది. అప్పటికే నిండి ఉన్న కింది చెరువు దాన్ని ఆపలేదు. 1908లో జరిగింది అదే. ఆ వానకు 221 చెరువులు తెగిపోయాయి. వాటిలో ఎక్కువ భాగం ఈసీ పరీవాహక ప్రాంతంలోనివి. ఎన్నో తరాలుగా వానను ఆపి దాచిన కట్టలు ఒకదాని తరువాత ఒకటి తెగి, తాము దాచిన నీటిని కూడా ఆ రోజు వాన నీటితో కలిపి నగరం మీదికి వదిలాయి. ఆకాశం నుంచి పడిన వాన ఒక్కటే అయితే నష్టం ఆ స్థాయికి చేరేది కాదని నాకు అనిపిస్తుంది.

తెల్లవారుజామునే నది గట్లు దాటింది. దక్షిణపు ఒడ్డున నగరానికి రాతి ప్రాకారం ఉండేది, దాని దర్వాజాలు కొన్ని నది వైపే తెరుచుకునేవి. నీరు ప్రాకారాన్ని దాటి, దర్వాజాల గుండా దూరి, లోపలి మొహల్లాలను ముంచింది. ఉత్తరపు ఒడ్డున అఫ్జల్‌గంజ్ బజారు, అక్కడి ఆసుపత్రి, వాటి వెనుక ఉన్న పేదల ఇళ్లు మునిగిపోయాయి. కోల్సావాడి అనే బస్తీ దాదాపుగా ఆనవాలు లేకుండా పోయింది. దక్షిణాన పేట్లబురుజు ఎత్తుగా, బలంగా ఉన్నదని నమ్మి దాని మీదికి ఎక్కిన వందలాది మంది, ఆ బురుజు కూడా నీటి తాకిడికి కూలిపోవడంతో కొట్టుకుపోయారని ఆనాటి వృత్తాంతాలు చెబుతాయి. అఫ్జల్‌ గంజ్ వంతెన, ముసల్లం జంగ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన మూడూ దెబ్బతిని తెగిపోయాయి. ఉత్తరపు ఒడ్డున ఉన్నవాళ్లకు దక్షిణపు ఒడ్డున ఉన్న తమ వాళ్లు బతికి ఉన్నారో లేదో తెలుసుకునే దారి కూడా లేకుండా పోయింది. ఎక్కువగా చెప్పే లెక్క ప్రకారం సుమారు 15,000 మంది చనిపోయారు, దాదాపు 19,000 ఇళ్లు నేలమట్టమయ్యాయి, 80,000 మంది నిలువ నీడ లేనివారయ్యారు. అప్పటికి నగర జనాభా ఐదు లక్షల లోపే. అంటే ఆ నగరంలో వరదకు బంధువునో స్నేహితుడినో పోగొట్టుకోని కుటుంబం చాలా అరుదుగా ఉండి ఉంటుంది.

ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నది వైపు ఒక చింతచెట్టు ఉంది. ఈ నగరంలో నేను అందరికంటే ఎక్కువ గౌరవించే పెద్ద మనిషి ఎవరని అడిగితే ఆ చెట్టు పేరే చెబుతాను. వరద రోజున దాదాపు 150 మంది దాని కొమ్మలు పట్టుకుని ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ సంగతి చెప్పే ఫలకం కూడా అక్కడ ఉంది. చెట్టు మొదలు నిటారుగా ఒక్క స్తంభంలా ఉండదు, ముడుతలు పడి, బొడిపెలు కట్టి, పక్కలకు విస్తరించి ఉంటుంది. కొమ్మలు మనిషి ఎక్కడానికి వీలుగా కిందినుంచే చీలాయి. చింత కొమ్మ వంగుతుంది కానీ తేలికగా విరగదని, వేరు లోతుకు దిగి పట్టు వదలదని పల్లెటూళ్లలో పెరిగిన వాళ్లందరికీ తెలుసు. రాతి బురుజు కూలిన ప్రవాహంలో ఈ చెట్టు నిలవడానికి అదే కారణం అయి ఉండవచ్చు. ఇప్పుడు ఆ నీడలో రోగుల వెంట వచ్చిన బంధువులు అన్నం మూటలు విప్పుకుంటారు, తువ్వాలు పరుచుకుని నడుం వాలుస్తారు. ప్రతి సెప్టెంబరు 28న నగర చరిత్ర మీద, పర్యావరణం మీద మమకారం ఉన్న కొందరు ఈ చెట్టు కింద కలుసుకుని, చనిపోయినవారిని తలుచుకుంటారు. ఈ తేదీకి నగరంలో జరిగే స్మరణ దాదాపుగా అంతే.

ఉర్దూ రుబాయీలకు దేశమంతా పేరుపొందిన కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకున్నారు. ముగ్గురూ ఆయన కళ్ల ముందే నీటిలో కలిసిపోయారు. ఆ ఇంట్లో ఆయన ఒక్కరే మిగిలారు. ఆ తరువాత ఆ దుఃఖాన్ని ఆయన పద్యంగా రాశారు. నగర వరదల గురించి వేసే లెక్కల్లో పదిహేను వేలు అన్న అంకె దగ్గర నా మనసు ఆగదు, అది చాలా పెద్దది, ఊహకు అందదు. ఈ ఒక్క ఇంటి సంగతి చదివినప్పుడు మాత్రం ఆ అంకెలో ఏముందో తెలుస్తుంది.

వంతెనల్లో నిలిచింది పురానాపూల్ ఒక్కటే. 1578లో ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో, అంటే చార్మినారు కంటే ముందే, గోల్కొండ వైపు నుంచి కార్వాన్ మీదుగా నదిని దాటడానికి దీన్ని కట్టారు. యువరాజు మహమ్మద్ కులీ, భాగమతిని చూడటానికి వరదలో గుర్రం దూకించాడని, తండ్రి భయపడి వంతెన కట్టించాడని ఒక కథ అందరూ చెప్పుకుంటారు. కథను కథగా వదిలేసి వంతెనను చూస్తే, 22 కమానులు, 600 అడుగుల పొడవు, 35 అడుగుల వెడల్పు, నది అడుగు నుంచి 54 అడుగుల ఎత్తు. కమానుల మధ్య బలమైన రాతి దిమ్మెలు ఉంటాయి. అప్పటికి 330 ఏళ్ల వయసున్న ఈ కట్టడం దెబ్బలు తిని కూడా నిలబడింది, దాని తరువాత కట్టిన మూడూ పోయాయి. ఇవాళ పురానాపూల్ మీద వాహనాలు తిరగవు. కూరగాయల వాళ్లు రెండు వైపులా గోనెపట్టాలు పరుచుకుని టమాటాలు, కొత్తిమీర కట్టలు పోసి అమ్ముతుంటారు. కింద నల్లగా పారే మురుగు వాసనకు అలవాటుపడిన జనం బేరాలాడుతూ నడుస్తుంటారు. నగరంలోనే అతి పాత వంతెన మీద నిలబడ్డామన్న ఆనవాలు ఆ సందడిలో ఎవరికీ దొరకదు, ఒక బోర్డయినా సరిగ్గా కనబడేలా ఉంటే బాగుండును.

అప్పటి నిజాం ఆరవ వాడైన మీర్ మహబూబ్ అలీ ఖాన్. ఇల్లు పోయిన వాళ్లకోసం ఆయన తన భవనాల తలుపులు తెరిపించారు, అన్నం వండి పెట్టే లంగరులు ఏర్పాటు చేయించారు. మహారాజా కిషన్ పర్షాద్ అప్పటి ప్రధాన మంత్రి. సరోజినీ నాయుడు సహాయ కార్యక్రమాల్లో పాల్గొన్నారు. పాతబస్తీలో ఇప్పటికీ చెప్పుకునే ఒక జ్ఞాపకం ఉంది. నదీమతల్లికి కోపం వచ్చిందని పండితులు చెప్పగా నిజాం స్వయంగా ఒడ్డుకు వెళ్లి, పళ్లెంలో చీర, కుంకుమ, ముత్యాలు పెట్టి మూసీకి సమర్పించాడని, ఆ తరువాతే నీరు దిగిందని అంటారు. అది జరిగినట్టు రుజువుందా లేదా అన్న దాని కంటే, ఒక ముస్లిం పాలకుడు తన ప్రజల్లో అధిక సంఖ్యాకుల ఆచారం ప్రకారం నదికి పసుపు కుంకుమలు అర్పించాడన్న కథను ఇరు మతాల వాళ్లూ ఇష్టంగా చెప్పుకోవడం నాకు విలువైనదిగా కనిపిస్తుంది. మహబూబ్ అలీ ఖాన్ 1911 ఆగస్టు 29న మరణించారు. వరదకు పరిష్కారంగా అనుకున్న పనులన్నీ ఆయన కొడుకు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో జరిగాయి.

ఆ పరిష్కారం వైపు మొదటి అడుగు వేసినవారు మోక్షగుండం విశ్వేశ్వరయ్య. బొంబాయి ప్రభుత్వ ఉద్యోగం నుంచి తప్పుకుని ఆయన యూరప్ పర్యటనలో ఉండగా, ఇటలీలో ఉన్నప్పుడు, హైదరాబాదు ప్రభుత్వం నుంచి కబురు అందింది. పర్యటన ముగించుకుని 1909 ఏప్రిల్ 15న ఆయన హైదరాబాదు చేరుకున్నారు. ఆయనకు అప్పగించిన పనులు మూడు. నగరాన్ని తిరిగి నిర్మించడానికి సలహా ఇవ్వాలి, మళ్లీ ఇలాంటి వరద రాకుండా రక్షణ పథకం వేయాలి, నగరానికి మురుగునీటి పారుదల వ్యవస్థ రూపొందించాలి. ఆ ఏడాది అక్టోబరు 1న ఆయన తన నివేదికను సమర్పించారు. అంటే వరద వచ్చి సంవత్సరం నిండి మూడు రోజులైంది.

ఆ నివేదిక వెనుక ఉన్న శ్రమను ఇక్కడ చెప్పకుండా ఉండలేను. అప్పట్లో ఆ పరీవాహక ప్రాంతంలో వానమాపకాలు చాలా తక్కువ, నది ప్రవాహాన్ని వరుసగా కొలిచిన లెక్కలు లేవు. ఉన్నంతలో వర్షపాతాన్ని సేకరించి, ఊరూరా తెగిన చెరువుల వివరాలు రాబట్టి, వరద తాకిడి ఎంత ఎత్తు వరకు వచ్చిందో ఒడ్డున మిగిలిన జాడల్ని బట్టి తేల్చి, నగరం దగ్గర నది మోసిన ప్రవాహాన్ని ఆయన అంచనా వేశారు. ఆ అంచనా సెకనుకు 4,25,000 ఘనపుటడుగులు, అంటే సెకనుకు ఒక కోటీ ఇరవై లక్షల లీటర్లు. అంత నీటిని ఊరి మధ్య నుంచి సురక్షితంగా పంపగల నది ఒడ్డు కట్టడం ఎవరి వల్లా కాదు. కనుక నీటిని ఊరికి రాకముందే ఆపాలి, కొంత కొంతగా వదలాలి. ఎగువన మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి పెద్ద జలాశయాలు కట్టాలన్న ఆలోచన అలా రూపుదిద్దుకుంది. ఊళ్లో ఒడ్డుల వెంట గోడలు కట్టి, వాటి మీద నడకదారులు, ఉద్యానవనాలు వేయాలని కూడా ఆయన సూచించారు.

గండిపేట దగ్గర ఉస్మాన్‌సాగర్ నిర్మాణం 1913లో మొదలై 1920లో పూర్తయింది. ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయింది. ఈ జలాశయాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా విశ్వేశ్వరయ్య పేరు ఒక్కటే చెప్పడం అన్యాయం. వీటిని నేల మీద నిజం చేసినవారిలో హైదరాబాదు ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ ముఖ్యులు. నిజాంసాగర్‌తో సహా తెలంగాణలోని ఎన్నో జలాశయాలకు ఆయన పేరు ముడిపడి ఉంది, ఆయన పుట్టిన జులై 11ను తెలంగాణలో ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుతున్నారు. ఒకరు ఆలోచన ఇచ్చారు, మరొకరు ఆనకట్ట లేపారు. ఇద్దరికీ దక్కవలసిన గౌరవం దక్కాలి.

ఈ రెండు చెరువులు వరదను ఆపడమే కాక నగరానికి మంచినీళ్లు కూడా ఇచ్చాయి. అంతకు ముందు హైదరాబాదు తాగింది హుస్సేన్‌సాగర్, మీర్ ఆలం చెరువుల నీళ్లు. ఉస్మాన్‌సాగర్ నుంచి ఆసిఫ్‌నగర్ నీటిశుద్ధి కేంద్రానికి నీరు మోటారు అవసరం లేకుండా పల్లానికి తనంత తాను పారుతూ వస్తుంది. మా పెద్దలు గండిపేట నీళ్ల రుచి గురించి చెప్పినంత గర్వంగా మరే విషయం గురించీ చెప్పగా నేను వినలేదు. ‘గండిపేట నీళ్లు తాగినోడు ఈ ఊరు విడిచి పోడు’ అన్న మాట వాళ్లకు ఊతపదం. ఆ తీయని నీళ్లకు మూలం పదిహేను వేల మందిని మింగిన ఒక రోజు అని వాళ్లలో ఎందరికి తెలుసో నాకు తెలియదు.

నగరం ఒడ్డున వచ్చిన మార్పు ఇంకా స్పష్టంగా కనబడుతుంది. 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడింది. వరదకు తోడు 1911లో వచ్చిన ప్లేగు కూడా దానికి ప్రేరణ. ఇరుకు బస్తీలను తొలగించి రోడ్లు వెడల్పు చేశారు, నదికి గోడలు కట్టారు, ఖాళీ అయిన ఒడ్డున ప్రభుత్వ భవనాలు లేపారు. దక్షిణపు ఒడ్డున గులాబీ రాతి గుమ్మటాలతో ఉన్న హైకోర్టు 1920 ఏప్రిల్‌లో ప్రారంభమైంది. దానికి సమీపంలో సిటీ కాలేజీ భవనం, నదికి అవతల దానికి ఎదురుగా ఉస్మానియా ఆసుపత్రి వచ్చాయి. వీటి రూపకల్పనలో విన్సెంట్ ఎష్ అనే వాస్తుశిల్పి పేరు పదే పదే వినిపిస్తుంది. ఈ రెండు ఒడ్డులను కలిపే నయాపూల్ వంతెన మీద నిలబడి రెండు వైపులా చూసినవారికి కనిపించే ఆ అందమైన దృశ్యం ఏ రాజు వైభవం కోసమో ముందుగా అనుకుని వేసిన పథకం కాదు. ఇళ్లు కొట్టుకుపోయిన చోట, మళ్లీ ఇళ్లు కట్టనివ్వకూడదన్న చోట, ఎత్తు చేసిన నేల మీద లేచిన భవనాలవి. పాత అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి వరదలో దెబ్బతినడం వల్లనే కొత్త ఆసుపత్రి కట్టవలసి వచ్చింది. 2020 జులైలో వాన నీరు ఆ ఆసుపత్రి వార్డుల్లోకే వచ్చిందని, ఆ తరువాత పాత భవనాన్ని ఖాళీ చేయించారని గుర్తు చేసుకున్నప్పుడు మనసు కలుక్కుమంటుంది.

జంట జలాశయాలు వచ్చాక మూసీ అంటే భయం పోయింది. భయం పోవడంతో పాటు జాగ్రత్త కూడా పోయింది. నది కడుపులో బస్తీలు వెలిశాయి, బస్‌స్టేషను కట్టారు, మెట్రో స్తంభాలు దిగాయి. ఎగువన జలాశయాలకు నీరు తెచ్చే వాగులు, కుంటలు, నీరు నిలిచే చెరువు లోపలి శిఖం భూములు ఫామ్‌హౌసుల కిందికి, వెంచర్ల కిందికి వెళ్లాయి. దీన్ని ఆపడానికి 1996 మార్చి 8న ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 111 నంబరు ఉత్తర్వు జారీ చేసింది. రెండు జలాశయాలకు పది కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాల్లో పెద్ద నిర్మాణాలు, కాలుష్య పరిశ్రమలు రాకూడదని దాని సారాంశం. 2022లో ఆ ఆంక్షలను సడలిస్తూ మరో ఉత్తర్వు వచ్చింది. ఈ జలాశయాల నీరు నగరానికి ఇప్పుడు అంతగా అవసరం లేదన్నది అందుకు చెప్పిన ముఖ్య కారణం. తాగునీటి మాట నిజమే కావచ్చు, కృష్ణా గోదావరుల నుంచి నీరు వస్తోంది. కానీ ఆ రెండు చెరువులు పుట్టింది తాగునీటి కోసం మాత్రమే కాదు, అవి ప్రధానంగా వరద నుంచి కాపాడటానికి కట్టినవి. కృష్ణా నీళ్లు ఎన్ని వచ్చినా ఈసీలో వచ్చే వరదను ఆపలేవు. ఆ ఉత్తర్వు మీద జరిగిన చర్చల్లో 1908 మాట ఎంత తక్కువగా వినిపించిందో తలుచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది.

2000 ఆగస్టులో, మళ్లీ 2020 అక్టోబరులో నగరం మునిగింది. 2020లో జరిగినది వింటే 1908 వృత్తాంతమే తిరిగి చదువుతున్నట్టుంటుంది. పాతబస్తీకి దక్షిణాన పల్లె చెరువు కట్ట తెగింది, తరువాత కొద్ది రోజులకే గుర్రం చెరువు కట్ట తెగింది, కింద ఉన్న బస్తీల్లోకి నీరు ఇళ్ల పైకప్పుల దాకా వచ్చింది. ఆ చెరువుల మత్తడి నీరు పోవలసిన నాలాల వెడల్పు ఇళ్ల మధ్య ఎంతగా కుంచించుకుపోయిందో ఆ రోజుల్లో టీవీలో చూసిన వాళ్లందరికీ తెలుసు. 221 చెరువులు తెగినందుకు నగరం నాశనమైందన్న సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఉండి ఉంటే, మిగిలిన చెరువుల కట్టల గురించి ఎవరో ఒకరు ముందుగా అడిగి ఉండేవారు.

2023 సెప్టెంబరు 28న ఈ తేదీకి మరో గుర్తు కలిసింది. ఆ ఏడాది గణేశ్ నిమజ్జనం, మిలాదున్నబీ రెండూ అదే రోజున పడ్డాయి. లక్షలాది మంది హుస్సేన్‌సాగర్ దారి పట్టే రోజున మరో పెద్ద ఊరేగింపు అదే రోడ్ల మీదికి వస్తే ఇబ్బంది అవుతుందని ముస్లిం పెద్దలు మిలాద్ ఊరేగింపును అక్టోబరు 1కి మార్చుకున్నారు. నవరాత్రులు, రంజాను ఒకేసారి మొదలైన 1908 వారాన్ని ఎరిగిన వాళ్లకు ఈ సర్దుబాటు ఎంతో సంతోషాన్నిస్తుంది. ఆ రోజు నిమజ్జనం ప్రశాంతంగా జరిగింది.

2025లో మూసీ తేదీకి రెండు రోజుల ముందే వచ్చింది. సెప్టెంబరు 26 రాత్రి ఎగువన వానలు కురిసి, జంట జలాశయాల గేట్లు ఎత్తి వదిలిన నీరు ఇమ్లీబన్ బస్టాండులోకి, అంటే మహాత్మాగాంధీ బస్‌స్టేషనులోకి చేరింది. ప్లాట్‌ఫారాల మీద సామానుతో కూర్చున్న ప్రయాణికులను బయటికి చేర్చవలసి వచ్చింది, బస్సులను నగరంలోని ఇతర చోట్ల నుంచి నడిపారు. చాదర్‌ఘాట్, మూసారాంబాగ్ దగ్గరి బస్తీల వాళ్లు ఇళ్లు వదిలి సహాయ శిబిరాలకు వెళ్లారు. ప్రాణనష్టం పెద్దగా లేకపోవడానికి ముందు జాగ్రత్త హెచ్చరికలు ఒక కారణం, వందేళ్ల నాటి ఆ రెండు ఆనకట్టలు నీటిని కొంత కొంతగా వదలగలగడం అంతకంటే పెద్ద కారణం.

ఈ తేదీకి సెలవు ఇవ్వాలని గానీ, విగ్రహం పెట్టాలని గానీ నేను కోరడం లేదు. ఏటా సెప్టెంబరు 28న నీటిపారుదల శాఖ, జలమండలి కలిసి ఒక పత్రం విడుదల చేస్తే చాలు. అందులో మూసీ, ఈసీ పరీవాహక ప్రాంతంలోని చెరువులు ఎన్ని మిగిలాయి, ఏ కట్టలు బలహీనంగా ఉన్నాయి, ఏ మత్తడికి ఎదురుగా నాలా మూసుకుపోయింది, జంట జలాశయాల గేట్లకు చివరిసారి మరమ్మతు ఎప్పుడు జరిగింది అన్న వివరాలు ఊరి పేర్లతో సహా ఉండాలి. పాతబస్తీ బడుల పిల్లలను ఆ రోజు చింతచెట్టు దగ్గరి నుంచి నయాపూల్ మీదుగా హైకోర్టు వైపు, అక్కడి నుంచి పురానాపూల్ దాకా నడిపించి, నీరు ఎక్కడి వరకు వచ్చిందో చూపించాలి. ఆ నడక దూరం మొత్తం కలిపినా రెండు మూడు కిలోమీటర్లకు మించదు.